జైలుకు వెలుగు, వంటశాలకు వేడి - ఒకే యంత్రం రెండూ ఇవ్వగలదా?
కొత్త భవనాల నమూనాలు గీయకముందే తేల్చుకోవలసిన లెక్క

త్రిపురాంతకం: మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు 2025 చివర రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపిన సంగతి పాఠకులకు విదితమే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి వచ్చి కలిసిన ఈ పడమటి తాలూకాల వారు అర్ధ శతాబ్దానికి పైగా ప్రతి పెద్ద పనికీ ఒంగోలు దారి పట్టారు. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది గాని ఆ దారి మాత్రం తగ్గలేదు. జిల్లా అంటే బోర్డు మార్చడం ఒక్కటే కాదు. కలెక్టరు కచేరీ, న్యాయస్థానాలు, ఖజానా, పోలీసు కార్యాలయం, పెద్దాస్పత్రి, జైలు కూడా కావాలి. కొన్నాళ్లు ఉన్న భవనాలతో సర్దుకున్నా, నేడో రేపో కొత్తవి కట్టక తప్పదు.

ఈ భవనాల్లో కొన్నింటికి ఒక ప్రత్యేకత ఉన్నది. వాటిలో దీపం ఒక్క నిమిషం కూడా ఆరకూడదు. జైలు గోడ మీద దీపం ఆరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఖజానా గది, నిఘా కెమెరాలు, ఆస్పత్రిలో శస్త్రచికిత్స గది, జైలు నుంచే ఖైదీని న్యాయమూర్తి ముందు హాజరుపరిచే వీడియో ఏర్పాటు, ఇవన్నీ కరెంటు మీదే ఆధారపడినవి. మరోవైపు జైలులో, ఆస్పత్రిలో మూడు పూటలా వంట కావాలి. స్నానాలకు వేడి నీళ్లు, దుప్పట్లు ఉతకడానికి ఆవిరి కావాలి.

నేడు వీటన్నిటినీ ఎక్కడికక్కడ విడిగా కొంటున్నాము. కరెంటు లైను నుంచి వస్తుంది. అది పోతే జనరేటరుకు డీజిల్ పోస్తాము. వంటకు గ్యాసు సిలిండర్లు తెస్తాము. ఒకే ఇంధనంతో కరెంటూ వేడీ రెండూ పొందే పద్ధతి ఒకటి ఉన్నది. దాన్ని కోజనరేషన్ అంటారు. తెలుగులో జంట ఉత్పత్తి అనుకోవచ్చు. అది మన కొత్త భవనాలకు పనికొస్తుందా? కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి రాదు. ఏది దేనికి అన్నది నమూనా గీయకముందే తేల్చుకోకపోతే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

వేడి ఎక్కడికి పోతున్నది?

మార్కాపురంలో జనరేటర్లు బాగుచేసే ఒక మెకానిక్కును కదిలిస్తే ఆయన చెప్పిన మాట ఇది: "ఏందన్నా, ఈ సెట్టు నడిచేటప్పుడు పక్కన నిలబడి చూడు, పొయ్యి ముందర కూర్చున్నట్టే ఉంటది. నువ్వు పోసే డీజిల్లో తీగలోకి పోయేది మూడో వంతే. తక్కినదంతా పొగ గొట్టంలోకి, రేడియేటర్లోకి పోతది."

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. ఒక లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మంచి జనరేటరు అందులో నుంచి 3 లేక 3.5 యూనిట్ల కరెంటు తీస్తుంది. తక్కిన ఆరున్నర యూనిట్లూ వేడి రూపంలో గాలిలో కలిసిపోతాయి. ఇంజను చుట్టూ తిరిగే నీటి నుంచి, పొగ గొట్టం నుంచి ఆ వేడిని పట్టి నీటికి అందించగలిగితే అందులో సగం దాకా చేతికి వస్తుంది. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 4 యూనిట్లు చాలు. అంటే నేడు ఒక లీటరు డీజిల్ కాల్చి మనం పారేసే వేడితో సుమారు 80 లీటర్ల నీళ్లు కాగుతాయి. జంట ఉత్పత్తి అంటే ఈ పారేసే వేడిని పట్టుకోవడమే. విడిగా కరెంటు తీస్తే ఇంధనంలో మూడో వంతు దక్కుతుంది. వేడిని కూడా వాడుకుంటే నూటికి 70 నుంచి 80 పాళ్లు దక్కుతుంది. స్వామి కార్యం, స్వకార్యం రెండూ నెరవేరుతాయి.

ఇది కొత్త విద్య కాదు. చక్కెర కర్మాగారాలు చెరకు పిప్పిని బాయిలర్లలో కాల్చి, ఆ ఆవిరితో ముందు టర్బైను తిప్పి కరెంటు తీస్తాయి. టర్బైను నుంచి బయటపడిన ఆవిరితోనే రసం కాస్తాయి. మిగిలిన కరెంటును లైనుకు అమ్ముకుంటాయి. అక్కడ నడిచింది ప్రభుత్వ భవనాల్లో ఎందుకు నడవదు అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

ఎండల సీమలో వేడి ఎందుకు?

"మార్కాపురం ఎండలకు బండలే పగులుతుంటే ఇంకా వేడి ఏం చేసుకోవాలి?" అని ఎవరైనా నవ్వవచ్చు. ఆ ప్రశ్నలోనే అసలు సంగతి ఉన్నది. చలి దేశాల్లో గదులు వెచ్చగా ఉంచడానికే సగం ఇంధనం పోతుంది. అక్కడ వేడికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. మనకు ఆ అవసరం లేదు. మనకు వేడి కావలసిన చోట్లు మూడు నాలుగే.

మొదటిది వంటశాల. పెద్ద జైలులో వందల మందికి అన్నం, పప్పు ఆవిరి మీద వండితే పొగ ఉండదు. జైళ్లలో వండేవారు సాధారణంగా ఖైదీలే. 2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణలో ఉన్నవారే. అనగా నేరం ఇంకా రుజువు కానివారు. వారిని పొగలో కూర్చోబెట్టడం ఏ శిక్షాస్మృతిలోనూ లేదు.

రెండవది ఆస్పత్రి. పనిముట్లు శుద్ధి చేయడానికి ఆవిరి, దుప్పట్లు ఉతకడానికి వేడి నీరు, బాలింతలకు, పసిపిల్లలకు స్నానపు నీళ్లు రాత్రింబవళ్లు కావాలి. మూడవది వేడితో చల్లదనం తీయడం. వినడానికి వింతగా ఉన్నా, 80, 90 డిగ్రీల వేడి నీటితో నడిచే శీతల యంత్రాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. పెద్ద ఆస్పత్రికి ఎండాకాలంలో అవి ఉపయోగం. నాలుగవది జైలు పరిశ్రమలు. బట్టలకు రంగులద్దడం, సబ్బుల తయారీ, రొట్టెల తయారీ వంటి పనులు నడిచే పెద్ద జైళ్లలో వేడికి పని ఉంటుంది.

వేడి కావలసిన ఈ చోట్లు లేని భవనంలో జంట యంత్రం పెట్టడం దండగ. కలెక్టరు కచేరీకి, ఖజానాకు కరెంటు కావాలి గాని వేడి అక్కరలేదు. వాటికి కప్పు మీద సౌర పలకలు, కింద బ్యాటరీలు పెడితే సరిపోతుంది.

కాలిఫోర్నియా జైలు నేర్పిన పాఠం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అలమేడా కౌంటీకి చెందిన శాంటా రీటా జైలు ఈ విషయంలో పేరు పొందినది. సుమారు 4 వేల మందిని ఉంచగల పెద్ద జైలు అది. అక్కడివారు ఒక్కసారిగా అంతా మార్చలేదు. 2002లో కప్పుల మీద 1.2 మెగావాట్ల సౌర పలకలు పరిచారు. 2006లో 1 మెగావాట్ ఫ్యూయల్ సెల్ పెట్టారు. ఇది గ్యాసును మంటగా కాల్చకుండా రసాయనిక చర్య ద్వారా కరెంటుగా మార్చే యంత్రం. అందులో పుట్టే వేడిని జైలులో నీళ్లు కాచడానికి మళ్లించారు. 2012 నాటికి 2 మెగావాట్ల బ్యాటరీనీ, బయటి లైను పోగానే రెప్పపాటులో జైలును లైను నుంచి విడదీసి సొంత కరెంటు మీద నిలబెట్టే స్విచ్చునూ అమర్చారు.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. మొదటిది, పదేళ్లు పట్టినా అంచెలంచెలుగా చేశారు. ఒక అంచె నిలదొక్కుకున్న తర్వాతనే రెండవది ఎత్తుకున్నారు. రెండవది, చివరి అంచె అన్నిటికంటె ముఖ్యమైనది. సొంతంగా కరెంటు తయారు చేసుకునే యంత్రం ఉన్నంత మాత్రాన లైను పోయినప్పుడు అది నడుస్తుందని అనుకోరాదు. సాధారణంగా లైనుకు కలిపిన యంత్రాలు లైను పోగానే తామూ ఆగిపోతాయి. లైను మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా పెట్టిన కట్టుబాటు అది. మన ఊళ్లలో కప్పు మీద సౌర పలకలున్న ఇళ్లలో కూడా బ్యాటరీ లేకపోతే కరెంటు పోగానే చీకటి కమ్ముకోవడం ఇందువల్లనే. జైలుకు, ఆస్పత్రికి యంత్రం కొనేటప్పుడు "లైను పోతే ఒంటరిగా నిలబడి నడవగలదా?" అన్న ఒక్క ప్రశ్న టెండరులో లేకపోతే తక్కిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

తిరుమల ఆవిరి, రువాండా గ్యాసు

మన రాష్ట్రంలో పెద్ద వంటశాలకు ఆవిరి ఎలా ఇవ్వవచ్చో తిరుమల చూపించింది. 2002లో అక్కడ 106 అద్దాల గిన్నెలను కప్పు మీద అమర్చి, సూర్యుని వెంట తిరిగేటట్లు చేసి, ఆ వేడితో ఆవిరి పుట్టించి రోజుకు సుమారు 15 వేల మందికి వంట చేసే ఏర్పాటు చేశారు. మబ్బు పట్టిన రోజున పాత బాయిలరు ఆదుకునే విధంగా రెండింటినీ ఒకే ఆవిరి గొట్టానికి కలిపారు. ఎండకు కొదవ లేని పశ్చిమ ప్రకాశంలో ఈ పద్ధతిని కాదనడానికి కారణం కనిపించదు. ఇది కరెంటు ఇవ్వదు, వేడి మాత్రమే ఇస్తుంది. కాని వేడి లెక్కలో సగం తీరితే జంట యంత్రం సగం చిన్నదైతే సరిపోతుంది.

ఆఫ్రికాలోని రువాండా దేశం మరొక దారి చూపింది. 2001 మొదలుకొని అక్కడి జైళ్లలో మరుగుదొడ్ల మలాన్ని భూగర్భ తొట్లలోకి మళ్లించి, గ్యాసు తీసి వంటకు వాడారు. కట్టెల ఖర్చు సుమారు సగం తగ్గింది. 2005లో ఆ పనికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది. గోబర్ గ్యాసు మన రైతులకు కొత్త కాదు గనుక ఇందులో వింత ఏమీ లేదు.

ఐతే మన సబ్‌జైలుకు ఇది ఎంతవరకు సరిపోతుందో లెక్క వేయాలి. ఒక మనిషి మలం నుంచి రోజుకు సుమారు 25 లీటర్ల గ్యాసు వస్తుంది. 50 మంది ఉన్న సబ్‌జైలులో ఒక ఘనపు మీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. వంటగది వ్యర్థాలు కలిపినా రెండు ఘనపు మీటర్లకు మించదు. అది కిలో వంట గ్యాసుకు కూడా సాటి రాదు. టీ కాచుకోవడానికి పనికొస్తుంది గాని మూడు పూటల వంటకు చాలదు. వెయ్యి మంది ఉండే కేంద్ర కారాగారంలో ఐతే 35 ఘనపు మీటర్లు రావచ్చు. అంటే రోజుకు సుమారు 15 కిలోల గ్యాసు, ఒక హోటలు సిలిండరుకు కొంచెం తక్కువ. దానివల్ల మురుగు సమస్య తీరడం అదనపు లాభం. రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, కడప కేంద్ర కారాగారాల వంటి చోట్లకు ఇది తగును. మార్కాపురం, గిద్దలూరు వంటి ఊళ్ల చిన్న జైళ్లకు సౌర పలకలు, బ్యాటరీ, కప్పు మీద నీళ్లు కాచే సౌర పెట్టెలు, ఒక మంచి గ్యాసు పొయ్యి చాలు. చిన్న ఇంటికి పెద్ద తలుపు పెట్టరాదు.

గోడ లోపల మార్పు అంత తేలిక కాదు

కొత్త భవనానికి ముందే ఆలోచించాలని ఇంతగా చెప్పడానికి కారణం ఉన్నది. మామూలు కర్మాగారంలో పాత బాయిలరు తీసి కొత్త యంత్రం పెట్టడం వేరు, నడుస్తున్న జైలులో ఆ పని చేయడం వేరు. లోపలికి వెళ్లే ప్రతి పనివానినీ సోదా చేయాలి. ప్రతి స్పానరునూ, ప్రతి రంపపు బ్లేడునూ లెక్కపెట్టి లోపలికి ఇచ్చి, లెక్కపెట్టి బయటకు తీసుకోవాలి. గోడ పక్కన క్రేను నిలబెడితే దానికీ కాపలా పెట్టాలి. నిచ్చెన మరచిపోయి రావడానికి వీలు లేదు. గోడలో నుంచి పోయే గొట్టం, కాలువ మనిషి దూరేంత వెడల్పు ఉంటే మధ్యలో కమ్మీలు వేయాలి. గంటలో అయ్యే పనికి పూట పడుతుంది. పూటకయ్యే కూలి పెరుగుతుంది.

అందుచేత యంత్రం గదినీ ఇంధనం నిల్వనూ లోపలి గోడకు బయట, వెలుపలి ప్రహరీకి లోపల పెట్టడం మంచిది. ఇంధనం లారీ ఖైదీలున్న ఆవరణలోకి రానక్కరలేదు. వేడి నీటి గొట్టం, కరెంటు తీగ మాత్రమే లోపలికి పోతాయి. కొత్తగా కట్టేటప్పుడు ఈ జాగా వదలడానికి పైసా ఎక్కువ కాదు. కట్టిన తర్వాత కావాలంటే గోడలు పగలగొట్టాలి. యంత్రం నేడే కొనకపోయినా సరే, గది, గొట్టాల కాలువ, కప్పు మీద బరువు మోసే బలం నమూనాలో ఉంచితే పదేళ్ల తర్వాత వచ్చేవారు దీవిస్తారు.

పాత యంత్రం మార్చే చోట ఇంకొక జాగ్రత్త కావాలి. కొత్తది పూర్తిగా పరీక్షకు నిలిచేదాకా పాతదాన్ని విప్పరాదు. ఆ మధ్య రోజుల్లో అద్దె జనరేటరు, అద్దె బాయిలరు సిద్ధంగా ఉంచాలి. మార్పిడి పగటి పూట, ఖైదీలు బ్యారకుల్లో ఉన్న వేళ జరగాలి.

ఇంధనం ఏది?

డీజిల్‌తో జంట ఉత్పత్తి నడపాలనుకోవడం తెలివితక్కువ. లీటరు వంద రూపాయలకు చేరువలో ఉంటే యూనిట్‌కు ముప్పై రూపాయలు పడుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే నడిచే జనరేటరుకు వేడి పట్టే పరికరం తగిలించినా లాభం లేదు. ఏడాదిలో 8,760 గంటలు ఉంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి యంత్రం నాలుగైదు వేల గంటలైనా నడవాలి. మనకు తగిన ఇంధనం మన నేలలోనే దొరకాలి.

పశ్చిమ ప్రకాశంలో కంది కట్టె, పత్తి కట్టె, మిరప కట్టె ఏటా పొలాల గట్ల మీద తగలబడిపోతున్నవి. 2025 ఏప్రిల్ 2న కనిగిరి నియోజకవర్గం, పి.సి. పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ సంస్థ గడ్డి నుంచి గ్యాసు తీసే కర్మాగారానికి మంత్రి నారా లోకేష్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని కుళ్లబెట్టి గ్యాసు తీసి, శుద్ధి చేసి, ఒత్తిడితో సిలిండర్లకు ఎక్కించడం ఆ పథకం. ఆ గ్యాసుతో నడిచే ఇంజన్లు ఉన్నవి. దగ్గరలో పుట్టిన గ్యాసు దగ్గరలోని ఆస్పత్రిలో వెలుగై, వేడై ఖర్చయితే లారీ కిరాయి మిగులుతుంది, గడ్డి పెంచిన రైతుకు నిలకడగా గిరాకీ దొరుకుతుంది. ఐతే శంకుస్థాపనలు మనకు కొత్త కాదు. 1996లో రాయి వేసిన వెలిగొండ నీటి కోసం ఈ ప్రాంతం ఎంతకాలం ఎదురు చూసిందో అందరికీ తెలుసు. గ్యాసు చేతికి వచ్చేదాకా దాని మీద ఆస్పత్రిని ఆధారపెట్టరాదు. గ్యాసుతోనూ మరొక ఇంధనంతోనూ నడిచే ఏర్పాటు కోరాలి.

ఎవరు నడుపుతారు?

అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఇదే. మన ప్రాంతంలోని ఒక ప్రభుత్వ వసతి గృహం కప్పు మీద నీళ్లు కాచే సౌర పెట్టెలు ఏళ్ల తరబడి పనిచేయకుండా పడి ఉండడం ఈ విలేఖరి స్వయంగా చూశాడు. గొట్టాల్లో సున్నం పేరుకుపోయింది. మన బోరు నీళ్ల కాఠిన్యం అటువంటిది. బాగుచేయడానికి వేలల్లో ఖర్చు, పద్దు మాత్రం లేదు. పిల్లలు మాఘమాసంలో చన్నీళ్లే పోసుకున్నారు. కొనడానికి లక్షలు దొరికాయి, కడగడానికి వేలు దొరకలేదు.

జంట యంత్రానికి ఈ గతి పడితే నష్టం పదింతలు. ఫ్లోరైడు, సున్నం ఉన్న ఈ నీటిని శుద్ధి చేయకుండా బాయిలరుకు ఎక్కిస్తే ఏడాదిలో గొట్టాలు పూడిపోతాయి. అందుచేత నీటి శుద్ధి యంత్రంతో పాటే టెండరు పిలవాలి. యంత్రం అమ్మిన సంస్థే పదేళ్లు నడిపి, ఆదా అయిన సొమ్ములో నుంచి తన బాకీ తీర్చుకునే ఒప్పందాలు వాడుకలో ఉన్నవి. యంత్రం ఆగితే సంస్థకు డబ్బు ఆగుతుంది గనుక అది ఊరికే కూర్చోదు. ఐతే జైలు విషయంలో ఆ సంస్థ మనుషులకు పోలీసు విచారణ జరగాలి, తాళాలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. ఐ.టి.ఐ. చదివిన స్థానిక యువకులకు ఈ పని నేర్పితే చిన్న మరమ్మతు కోసం హైదరాబాదు నుంచి మనిషి వచ్చేదాకా కాచుకోనక్కరలేదు.

ఇప్పుడే అడగాలి

ఈ లెక్కలన్నిటికీ సరిగ్గా సరిపడే భవనం మనకు ఒకటి ఉన్నది. అది 2021లో శంకుస్థాపన జరిగిన మార్కాపురం వైద్య కళాశాల, దాని ఆస్పత్రి. దాని నిర్మాణాన్ని, నిర్వహణను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించడం, దాని మీద వాదోపవాదాలు చెలరేగడం తెలిసిందే. ఆ వాదం ఎటు తేలినా ఒకటి నిజం. వందల పడకల ఆస్పత్రికి ఇరవై నాలుగు గంటలూ కరెంటూ కావాలి, వేడీ కావాలి, చల్లదనమూ కావాలి. జంట ఉత్పత్తికి ఇంతకంటె తగిన చోటు ఈ ప్రాంతంలో లేదు. ఒప్పందం ఎవరితో జరిగినా ఆ షరతు కాగితం మీదే ఉండాలి.

చేయవలసిన పని పెద్దది కాదు. కొత్త భవనం ప్రతిదానికీ గంట గంటకు ఎంత కరెంటు, ఎంత వేడి కావాలో ముందుగా ఒక పట్టిక తయారు చేయాలి. ఇప్పుడున్న జైలు, ఆస్పత్రుల్లో ఏడాది పాటు మీటరు పెట్టి చూస్తే ఆ పట్టిక దానంతట అదే వస్తుంది. వేడి అక్కర ఉన్నచోట జంట యంత్రానికి జాగా వదలాలి. లేనిచోట సౌర పలకలతో ఆగాలి. పనిని పరిశీలించే బాధ్యత రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థకు, విద్యుత్ సంస్థకు, జైళ్ల శాఖకు కలిపి అప్పగించాలి.

త్రిపురాంతకం నుంచి, ఎర్రగొండపాలెం నుంచి కోర్టు వాయిదాకో, ఆస్పత్రికో, జైలులో ఉన్న అయినవారిని చూడడానికో బస్సెక్కేవారికి కోజనరేషన్ అన్న మాట తెలియనక్కరలేదు. రాత్రి వేళ కాన్పు గదిలో దీపం ఆరకుండా ఉంటే, పసిబిడ్డకు వేడి నీళ్లు దొరికితే, విచారణలో ఉన్న కొడుకు పొగ లేని వంటశాలలో వండిన అన్నం తింటే వారికి చాలు. ఆ ఏర్పాటు గోడలు లేచిన తర్వాత చేయాలంటే కోట్లు కావాలి. నమూనా గీసేటప్పుడే ఐతే ఒక పట్టిక, కొంత జాగా చాలు. కొత్త జిల్లా అధికారులు మొదటి ఇటుక వేయకముందే ఈ లెక్క వేయాలని ఈ ప్రాంత ప్రజలు కోరుకోవడం న్యాయం.